ఎవరింటోడివప్పా నువ్వు

ఫోన్లో ఎవడైనా తియ్యగా, తెలుగులో, "అక్కా, బాగుండారా?" అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. మొన్న క్రిష్ణగిరి బస్టాండులో కూరగాయల సంచి ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో ఫోను ఎత్తాను. కొత్త నంబరు. "అక్కా, నేను మీ తమ్ముడి మాదిరోణ్ణి, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అన్నాడు. నేను తిట్టిన తిట్లకు ఊత్తంగరై బస్సు ఎక్కబోతున్న ఆడవాళ్ళు ఆగి నన్ను చూశారు. వాడు అమ్మేది ఏమిటో కూడా నాకు తెలియదు. ఇన్సూరెన్సో, ఇంటి స్థలమో, నిజంగానే పొట్టకూటికి ఫోన్లు చేసుకునే పిల్లవాడో కావచ్చు. అయినా సరే, తిట్టినందుకు నాకేమీ బాధ లేదు.

బయటివాళ్ళకు నా కోపం అర్థం కాదు. మా హోసూరు, క్రిష్ణగిరి వైపు తెలుగు అంటే ఇంట్లో మాట. రేషన్ అంగడిలో తమిళం, తాలూకా ఆఫీసులో తమిళం, బెంగళూరు బస్సులో కన్నడం, ఫ్యాక్టరీ గేటు దగ్గర హిందీ, బ్యాంకు ఫోన్లలో ఇంగ్లీషు. అవన్నీ చెప్పుల్లాగా వాకిట్లో విడిచి, లోపలికి వచ్చాక మాట్లాడుకునేది తెలుగు. ఫోను మోగి, అవతలి మనిషి తెలుగులో నోరు తెరిచాడంటే వాడు మనవాడే. ఇంకెవడికి అవసరం ఇక్కడ తెలుగు మాట్లాడటం? మా పెద్దత్త అలాగే అనుకుంది. ఆమె పోయి ఇంకా ఏడాది నిండలేదు. తిట్టి తిట్టి బస్సెక్కి కూర్చున్నాక, ఆ తిట్లు సగం ఆమె దగ్గర నేర్చుకున్నవేనని గుర్తొచ్చింది.

పెద్దత్త మా నాన్నకు అక్క. హోసూరు బజారులో వాళ్ళకు స్టీలు పాత్రల అంగడి. ముందర అంగడి, వెనక ఇల్లు. పాత్ర కొన్నవాళ్ళకు దాని మీద పేరు కొట్టి ఇచ్చే మిషను గల్లాపెట్టె పక్కనే ఉండేది. పెళ్ళికి, సీమంతానికి, గృహప్రవేశానికి, ఎవరు ఎవరికి ఏ చెంబు ఇచ్చినా దాని మీద పేరు పడాల్సింది ఆ మిషను కిందనే. అందువల్ల తళి నుంచి పలమనేరు దాకా మావాళ్ళలో ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి పోయిందో పెద్దత్తకు నోటికి వచ్చు. మామ పోయాక కూడా అంగడి ఆమెదే. కొడుకు, అంటే మా బావ, సరుకు తెస్తాడు. గల్లా దగ్గర కూర్చునేది మాత్రం ఆమె.

ఆ ఇంటికి ఒకే నంబరు, మూడు ఫోన్లు. ఒకటి అంగడిలో, ఒకటి హాల్లో, ఒకటి వంటింట్లో. మోగితే మూడూ ఒకేసారి మోగేవి. ఇంకా ఎందుకమ్మా ఈ లైను, తీసేద్దాం అని బావ అడిగినప్పుడల్లా ఆమె ఒకటే మాట అనేది.

"సెల్లు నీ జోబిలోది. ఇది ఇంటిది. నీ జోబికి ఎవరప్పా ఫోను చేస్తారు నన్ను అడగల్లంటే?"

ఆమెకు ఒక అలవాటు ఉండేది. మనవాళ్ళ ఫోను అయితే లేచి నిలబడి మాట్లాడేది. మోకాళ్ళ నొప్పి వచ్చాక కూడా అంతే. కూర్చుని మాట్లాడు అత్తా అంటే, "మనిషి ఇంటికొస్తే కూసోనుండి మాట్లాడతామా?" అనేది. బయటివాళ్ళ ఫోను అయితే స్టూలు మీద కూర్చునేది, అద్దాలు నుదుటి మీదికి తోసేది, రిసీవరును మొహానికి దూరంగా పట్టుకునేది. వీధిలో పోయేవాళ్ళు చూసి చెప్పగలిగేవారు, ఆమె నిలబడిందంటే చుట్టాలు, కూర్చుందంటే ఎవడికో మూడిందని.

కూర్చున్నప్పుడు చూడాలి ఆమెను. లోను కావాలా మేడమ్ అని ఒకడు హిందీలో మొదలుపెట్టేవాడు. ఆమె తమిళంలో జవాబిచ్చేది. వాడు తడుముకుని తమిళంలోకి వస్తే ఆమె కన్నడంలోకి పోయేది. "నాకు లోను వద్దప్పా, నీకు చెంబు కావాల్నా? మంచి చెంబు. నీ పేరు కొట్టించి ఇస్తా. పేరు చెప్పు." వాడు పేరు చెప్పడు. "పేరు చెప్పుకోలేనోడివి నాకు దుడ్డు ఇస్తావా?" అని రిసీవరు తీసుకుపోయి పేర్లు కొట్టే మిషను పక్కన పెట్టేసి కాఫీకి పోయేది. అంగడి మనిషి ఏ అన్నం గిన్నె మీదనో గర్రుమని పేరు కొడుతూ ఉంటే, ఎక్కడో కూర్చున్నవాడి చెవిలో ఆ మోత.

ఆడపిల్లలు చేస్తే వేరే వరస. "తిన్నావా?" అని అడిగేది ముందు. తిన్నానండీ అంటే, "తినింటే చాలు, పెట్టేయ్." తినలేదు అంటే అయిదు నిమిషాలు ఆ కంపెనీవాణ్ణి తిట్టేది, పిల్లకు అన్నం పెట్టకుండా ఫోన్లు చేయిస్తాడా అని. మీ కార్డు ఈ రోజుతో ఆగిపోతుంది అని బెదిరించినవాడికి, "ఆగిపోనీ. నాకు కార్డే లేదు, నీకు బుద్ధి లేదు. ఇద్దరం సుఖంగా ఉండాం" అని చెప్పడం నేను స్వయంగా విన్నాను. ఆమెకు నిజంగా కోపం వచ్చేది మిషను గొంతు వచ్చినప్పుడు. తిట్టడానికి అవతల ఎవరూ లేరు కదా. "ఒక మనిషిని పెట్టి మాట్లాడిచ్చేదానికి గతి లేనోడు నాకు లోను ఇస్తాడంట!" అని రిసీవరును విసిరికొట్టేది.

రోజంతా ఇదే గోల అవుతోందని, నేనే ఒక దీపావళికి ఆ ఇంటికి కొత్త ఫోన్లు కొనిపెట్టాను. పిలిచేవాడి నంబరు కనపడుతుంది. ఎర్ర బొత్తాము నొక్కితే ఆ నంబరు మళ్ళీ రాదు. ఎర్ర బొత్తాము ఆమెకు తెగ నచ్చింది. నొక్కిన ప్రతిసారీ చెయ్యి కొంగుకు తుడుచుకునేది. కానీ బొత్తాము నొక్కేముందు కొత్త నంబరును ఆమె ఊరికే వదిలేది కాదు. విచారణ ఒకటి ఉండేది.

"ఎవరింటోడివప్పా నువ్వు? యా ఊరు?"

ఇదే ఆమె తాళం, ఇదే ఆమె కావలి. ఊరు, ఇల్లు చెప్పలేనివాడు దొంగ. చెప్పినవాడు మనవాడు. హిందీ దొంగలు, తమిళం దొంగలు ఎంతమంది వచ్చినా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయారు.

రోజూ పొద్దున అంగడి తీసేముందు ఒక ఫోను వచ్చేది. అది చిన్నత్త. పెద్దత్తకు చెల్లెలు, పలమనేరులో ఇచ్చారు. మొదటి మోతకే పెద్దత్త లేచి నిలబడేది. ఆ ఫోనులో ఏమీ ఉండేది కాదు. నీకు వాన పడిందా, మాకు పడలేదు. పులుసు పెట్టినా, ఉప్పు ఎక్కువైంది. మీ కోడలు లేచిందా, మా కోడలు ఇంకా లేవలేదు. నేను హోసూరు పోయి ఉన్న రోజుల్లో వంటింట్లో అంట్లు తోముకుంటూ వింటే నాకు నవ్వొచ్చేది. పెళ్ళిళ్ళై ఊళ్ళు వేరైనప్పటినుంచి వాళ్ళ పొద్దు అలాగే మొదలయ్యేది. ఆ ఫోను ఆలస్యమైతే పెద్దత్త అంగడి కూడా ఆలస్యంగా తీసేది. ఇంక చెప్పాల్సినదంతా ఆ ఫోను గురించే.

దాన్ని ఆపించిన ఇంకో ఫోను వచ్చిన రోజు నేను హోసూరులోనే ఉన్నాను, మా ఇంటికి అన్నం వండే గుండా ఒకటి కొనడానికి పోయాను. అంగడిలో ఫోను మోగింది. కొత్త నంబరు. పెద్దత్త అద్దాలు పైకి తోసి, స్టూలు లాక్కుని, సిద్ధంగా కూర్చుంది. అవతల గొంతు తెలుగులో, "అత్తా, బాగుండారా?" అంది. పెద్దత్త రిసీవరును చెవి దగ్గరికి తెచ్చుకుంది.

"ఎవరింటోడివప్పా నువ్వు? యా ఊరు? ... బేరికి పక్కనా? బేరికి పక్కన మనోళ్ళు రెండిండ్లోళ్ళే కదా ఉండేది. మిద్దింటోళ్ళా? ... మిద్దింటోళ్ళ మనవడివా! అదే అనుకుంటి, గొంతు వింటూనే అనుకుంటి. మీ నాయన బెంగళూరికి పోయినాడు కదా, నువ్వు చిన్నపిల్లోడుగా ఉండేటప్పుడు? మీ అమ్మది ముళబాగలు పక్క. అవునా?"

అవతలివాడు అన్నదల్లా, "అవునత్తా. అవునత్తా." నేను పక్కనే నిలబడి విన్నాను. వాడు తనంతట తాను ఒక్క పేరు చెప్పలేదు, ఒక్క ఊరు చెప్పలేదు. బేరికి అనే ఆ ఊరి పేరొక్కటే అన్నాడేమో మొదట, అంతే. మిగతాదంతా అత్తే అందించింది. మావాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. ప్రశ్న మేమే అడుగుతాం, అవతలివాడు ఒక్క క్షణం తడబడితే పాపం గుర్తు రావడం లేదేమోనని జవాబు కూడా మేమే అందిస్తాం. ఎదుటివాడు మనవాడు కావాలని అంత ఆశ. ఆ ఆశ మీదనే ఆ వెధవ బతికాడు.

మధ్యలో ఎప్పుడో పెద్దత్త లేచి నిలబడింది. నాకు ఇప్పటికీ తలుచుకుంటే పళ్ళు పటపటలాడేది దానికే. ఆ దొంగ నా బట్ట కోసం, నొప్పి మోకాళ్ళ మీద, అత్త లేచి నిలబడింది.

వాడు చెప్పింది ఇది. వాడి చెల్లెలికి పెళ్ళి, క్రిష్ణగిరి మండపంలో. ఇన్నేళ్ళూ నాయన మనవాళ్ళందరికీ దూరంగా ఉండిపోయాడు, ఈ పెళ్ళితోనైనా మళ్ళీ కలుపుకోవాలని ఇంట్లో అనుకున్నారు. ఎవరెవరిని పిలవాలో, ఎలా పిలవాలో పెద్దదిక్కుగా అత్తే చెప్పాలి. మావైపు పెళ్ళి పెట్టుకుంటే ఇంట్లో పెద్ద ఆడమనిషిని అడక్కుండా పిలుపులకు పోరు. ఒక ఇంటిని మరిచారంటే ఆ తప్పు తరాలు పోయినా మాసిపోదు. ఈ మర్యాద కూడా ఆ వెధవకు తెలుసు. ఎవరింట్లో కూర్చుని నేర్చుకున్నాడో.

ఆ తర్వాత వారం పది రోజులు వాడు అడపాదడపా ఫోను చేశాడు, అత్త నిలబడి చెప్పింది. నంబర్లు ఇచ్చింది. నంబర్లతో ఆగితే అది పెద్దత్త ఎందుకవుతుంది? ఒక్కో ఇంటిని ఎలా పలకరించాలో కూడా నేర్పింది.

"కావేరిపట్టణంలో మామకు ఫోను చేస్తే ముందు కాలు ఎట్లుండాదని అడుగు. ఆపరేషన్ చేయించుకున్యాడు. అది అడగకుండా పెండ్లికి రండి అంటే రాడు. కెలమంగలం పిన్నమ్మకు చెవుడు, గట్టిగా మాట్లాడు. మా చెల్లెలికి కండ్లు సరిగ్గా కనపడవు, ఆపరేషన్‌కు దుడ్డు కూడబెట్టుకోని ఉండాది. కండ్లు ఎట్లుండాయి చిన్నత్తా అను. కరిగిపోతాది."

వాడు అలాగే చేశాడు. మామ కాలు ఎట్లుందని అడిగాడు, గట్టిగా మాట్లాడాడు, కండ్లు ఎట్లున్నాయని అడిగాడు. పెద్దత్త చెప్పింది, పెద్దత్త పంపించింది అని ప్రతి ఇంట్లోనూ ఆమె పేరు పెట్టాడు. చిన్నత్త ఒక పొద్దున ఫోనులో అడిగింది కూడా, "అక్కా, మిద్దింటోళ్ళ పిల్లోడంట, ఫోను చేసినాడు. మనోడేనా?" అని. "మనోడే. నేను విచారించినా" అంది పెద్దత్త. ఆమె విచారించాక ఇంక మావాళ్ళలో ఎవరు విచారిస్తారు?

పెళ్ళి దగ్గర పడ్డాక వాడు ఒక్కో ఇంటికీ మళ్ళీ ఫోను చేశాడు. మండపంలో ఉన్నాను, వంటవాళ్ళు డబ్బు ముందుగా అడుగుతున్నారు, నా ఫోనులో నుంచి పోవడం లేదు, ఈ నంబరుకు పంపండి, పెళ్ళిలోనే చేతికిస్తాను, పెద్దత్తకు చెప్పొద్దు, ఆమె ఇప్పటికే పంపింది, తెలిస్తే మళ్ళీ పంపుతానంటుంది. ఈ చివరి మాట విని వాడి తెలివికి చేతులు నరకాలనిపిస్తుంది నాకు. పెద్దత్త అలాగే అంటుందని అందరికీ తెలుసు. కాబట్టి అందరూ నమ్మారు. ఎవరికి తోచింది వాళ్ళు పంపారు, ఎవరూ ఎవరితోనూ అనలేదు.

ముహూర్తం రోజు పొద్దున నేను ఇంట్లోంచి నడిచే పోయాను, మండపం మా వీధికి దగ్గరే. పెద్దత్త హోసూరు నుంచి బావతో కారులో దిగింది. పట్టుచీర కట్టుకుంది. చేతిలో పెద్ద స్టీలు బిందె, దాని మీద పెళ్ళికూతురు పేరు. వాడు చెప్పిన పేరు. తానే దగ్గర కూర్చుని కొట్టించింది. మండపం గేటుకు తాళం వేసి ఉంది. తోరణం లేదు, మేళం లేదు. కావలివాడు పళ్ళు తోముకుంటూ వచ్చి, "ఇన్నిక్కి కల్యాణం ఎదువుమే ఇల్లమ్మా" అన్నాడు. ఈ రోజు ఏ పెళ్ళీ లేదట.

మండపం తప్పు విన్నామేమో అనుకున్నాం మొదట. ఇంతలో కావేరిపట్టణం మామ చేతికర్రతో దిగాడు. కెలమంగలం వాళ్ళు దిగారు. పలమనేరు నుంచి చిన్నత్త, ఆమె కొడుకు దిగారు. అందరూ పట్టుబట్టల్లో, అందరి చేతుల్లో కానుకలు, వాటిలో సగం మళ్ళీ పెద్దత్త అంగడి పాత్రలే. రోడ్డు మీద పోయే లారీలవాళ్ళు మమ్మల్ని చూస్తూ పోయారు. బావ వాడి నంబరుకు ఫోను చేశాడు. ఈ నంబరు వాడుకలో లేదని మిషను చెప్పింది.

అప్పుడు ఒక్కొక్కరు నోరు విప్పారు. నువ్వూ పంపినావా, నేనూ పంపినా. నీకూ అదే చెప్పినాడా, నాకూ అదే చెప్పినాడు. చెప్పుకుంటూ చెప్పుకుంటూ అందరి తలలూ పెద్దత్త వైపు తిరిగాయి. ఎవరూ వాణ్ణి తిట్టలేదు! అదే నాకు అర్థం కాదు. ముక్కూ మొహం తెలియని ఆ దొంగను ఒక్కరూ ఒక్క మాట అనలేదు. వాడు ఎదురుగా లేడు కదా. ఎదురుగా ఉన్నది బిందె పట్టుకున్న అత్త.

చిన్నత్త కళ్ళు చికిలించుకుని అక్క ఎక్కడుందో వెతుక్కుంది. దగ్గరికి వచ్చింది.

"విచారించినా అంటివి కదక్కా" అంది.

"అవునే. అంటి" అంది పెద్దత్త.

చిన్నత్త కొడుకు తల్లి చెయ్యి పట్టుకుని లాగాడు. "కండ్ల దుడ్డు ఊరోళ్ళకు పెట్టినావు. రామ్మా ఇంగ, నీకు ఫోను పనే వద్దు" అన్నాడు, అందరి ముందరా. ఆమె పోతూ వెనక్కి తిరిగి చూడలేదు. చూసినా కనపడేది కాదులెండి.

స్టేషనుకు పోయాం. అక్కడ కూర్చున్న మనిషి అంతా విని, "మీరెందుకమ్మా ఇవన్నీ చెప్పారు?" అని తమిళంలో పెద్దత్తను అడిగాడు. బావ ఇంటికొచ్చాక అదే అడిగాడు. చుట్టాలు నెలల తరబడి అదే అడిగారు. ఎందుకు చెప్పింది? మనవాళ్ళకు మనవాళ్ళ సంగతి చెప్పకపోతే ఇంకెవరికి చెప్తారు? కాలు ఎట్లుందని అడగమని చెప్పడం నేరమా? దొంగతనం చేసినవాడు ఎక్కడో హాయిగా ఇంకో భాషలో, ఇంకో ఇంటికి ఫోను చేసుకుంటూ ఉంటాడు. వాడికి సిగ్గు లేదు. సిగ్గంతా పెద్దత్తకే మిగిలింది. ఆ రోజుల్లో నేను బావతో కూడా పోట్లాడాను, స్టేషనువాళ్ళతోనూ పోట్లాడాను, ఏమీ లాభం లేకపోయింది.

మర్నాడు పొద్దున చిన్నత్త ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పెద్దత్త తనే చేసింది. కోడలు ఎత్తి, "పూజలో ఉండాదమ్మా" అంది. ఇంకో రోజు చేస్తే నిద్రపోతా ఉండాది అంది. ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. ఒకసారి పలమనేరు పోయి వద్దాం అత్తా, నేను తోడొస్తాను అన్నాను.

"నేను పోను. దాని కండ్లు పోగొట్టి, దాని ఇంటికి పోయి కాఫీ తాగల్నా?" అంది. మళ్ళీ తనే, "దానికి కోపం పోతే అదే చేస్తాది. నంబరు దానికి తెలుసు" అంది.

కంటి ఆపరేషన్ నేను చేయిస్తాను అని మనిషితో కబురు పంపింది. మీ దుడ్డు వద్దు అని పలమనేరు నుంచి కబురు వచ్చింది. అది చిన్నత్త మాటో, కొడుకు మాటో తెలియదు.

ఆ తర్వాత నేను హోసూరు పోయినప్పుడల్లా ఒక సంగతి గమనించాను. అత్త తిట్టడం మానేసింది. లోనువాళ్ళు చేస్తారు, కార్డులవాళ్ళు చేస్తారు, ఆమె ఎత్తుతుంది, వింటుంది, పెట్టేస్తుంది. ఎర్ర బొత్తాము కూడా నొక్కదు. ఎవరింటోడివని అడగదు. ఒకరోజు ఎవరో తళి నుంచి, నిజంగా మావాళ్ళే, పాత్రల ధర అడగడానికి చేశారు. తెలుగులో పలకరించారు. అత్త వెంటనే తమిళంలోకి మారి, ఎవరు, ఏమి కావాలి అని అడిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ ఇంటి ఫోనులో తెలుగువాళ్ళతో ఆమె తమిళం మాట్లాడటం నేను వినలేదు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కూడబెట్టుకున్నది పోతే మళ్ళీ కూడబెట్టుకోవచ్చు. ఒక మనిషి నోట్లోంచి తెలుగు తీసుకుపోయాడు వాడు.

"ఎందుకత్తా అరవం?" అన్నాను.

"అరవంలో అయితే ఎవురినీ నమ్మబుద్ధి కాదమ్మీ. అదే మేలు" అంది.

ఒక మధ్యాహ్నం అంగడిలోనే గుండె ఆగిపోయింది. నేను క్రిష్ణగిరి నుంచి చేరేసరికి హాల్లో పడుకోబెట్టారు. బావ పూలకూ పురోహితుడికీ మనుషులను పంపుతూ తిరుగుతున్నాడు. చుట్టాలకు చెప్పే పని నా మీద పడింది. నా సెల్లు నంబరు కొత్తది, చాలామంది దగ్గర లేదు. కొత్త నంబరైతే ఎత్తరు. అందుకని హాల్లో ఉన్న ఇంటి ఫోను దగ్గరే కూర్చున్నాను. ఒళ్ళో నంబర్ల పుస్తకం తిప్పుకుంటూ చెయ్యాలి కాబట్టి స్పీకరు పెట్టాను.

కావేరిపట్టణం మామ ఎత్తాడు. "మామా, పెద్దత్త పోయింది" అన్నాను. నంబరు చూశాడో లేదో, "సరే. ఇప్పుడు యాడికి పంపల్ల దుడ్డు?" అన్నాడు వెటకారంగా, పెట్టేశాడు. కెలమంగలం పిన్నమ్మ ఇంట్లో ఎవరో పిల్ల ఎత్తి, తెలుగు వినగానే, "మా నాన్న ఇట్లాంటి ఫోన్లు పెట్టేయమన్నాడు" అని పెట్టేసింది. అత్త శవం పక్కన కూర్చుని, అత్త పోయిందని నేను రుజువు చెయ్యాల్సి వచ్చింది. వాళ్ళను ఏమనను? వాళ్ళకు అది నేర్పిందెవరు? ఆ క్షణంలో వాడు నా చేతికి చిక్కి ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు.

చివరికి చిన్నత్తకు చేశాను. ఆమె కొడుకు సెల్లు ఎత్తలేదు, పలమనేరు ఇంటి ఫోనుకే చేశాను. చాలాసేపు మోగింది. నంబరు చూసుకోలేని చిన్నత్తే ఎత్తింది. ఆ గొంతు వినగానే నేను ఫలానా అని కూడా చెప్పుకోలేకపోయాను. "చిన్నత్తా, పెద్దత్త పోయింది. పెద్దత్త పోయిందత్తా" అని ఏడవడం తప్ప ఇంకేమీ రాలేదు.

చివరికి పలమనేరులో తెలిసినవాళ్ళను ఆమె గడపకు పంపితే గానీ ఆమె నమ్మలేదు. వచ్చి చేరేసరికి చీకటి పడింది. అదంతా తర్వాత. ఫోనులో మాత్రం హాలు దద్దరిల్లేటట్టు ఆమె గొంతు లేచింది.

"థూ! ఎవుర్రా నువ్వు? ఈ మాటు ఆడదాన్ని పెట్టి ఏడిపిస్తా ఉండావా? నా కండ్ల దుడ్డు తింటివి, చాలలేదా? ఇంగ మా అక్క మీదికి వచ్చినావా? మా అక్క గుండ్రాయి మాదిరి ఉండాది. పొద్దన్నే లేసి అంగడి తీసింటాది. నేను దాంతో మాట్లాడకపోతే ఏమిరా, అది నా అక్క! మా ఇద్దరి నడుమ ఎంతైనా ఉంటాది, నీకేమి? దాన్ని చంపి దుడ్డు అడిగేదానికి వస్తావా, దొంగ నా బట్టా? దాని పేరెత్తితే నీ నాలిక కోసి కాకులకు వేస్తా! దానికి ఏమీ కాదు, తెలిసిందా? నా కండ్లు బాగైతే మొదట పోయి చూసేది దాన్నే!"

ఫోను పెట్టేసింది.

బావ గుమ్మంలో పూలబుట్టతో నిలబడిపోయాడు. వీధిలోంచి వచ్చినవాళ్ళు, అంగడి పనివాళ్ళు, అందరూ విన్నారు. ఆ తిట్లు ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే పెద్దత్త బతికేదని నేను అనను. విని పోయేది.